కాలా ఘోడా, ఫోర్ట్ కొచ్చి, లోధీ కాలనీ: బొమ్మలకీ భోజనానికీ ఏ పేటకి వెళ్లాలి?

ప్రయాణమంటే మనలో చాలామందికి గుడి, కోట, సముద్రం. అలా కాకుండా ఒక్క పేటనే పట్టుకుని, అక్కడి బొమ్మలు చూస్తూ, అక్కడివాళ్లు తినేదే తింటూ తీరిగ్గా తిరగాలని ఉందా? అలా అడిగితే ఎవరైనా చెప్పే పేర్లలో ఈ మూడూ కచ్చితంగా ఉంటాయి. ముంబైలో కాలా ఘోడా, కేరళలో ఫోర్ట్ కొచ్చి-మట్టాంచేరి, ఢిల్లీలో లోధీ కాలనీ. మూడింటికీ ‘ఆర్ట్ డిస్ట్రిక్ట్’ అనే ఒకే పేరు తగిలిస్తుంటారు గానీ, వెళ్లి చూస్తే ఒకదానికొకటి పోలిక లేదు. కాలా ఘోడాలో బొమ్మలు గదుల్లో ఉంటాయి, వారం వారం మారిపోతాయి, తిండి పక్క సందులోనే దొరుకుతుంది. కొచ్చిలో కొన్ని నెలలపాటు పాత గోదాములన్నీ ప్రదర్శనశాలలవుతాయి, ఆ తర్వాత తలుపులు మూసుకుంటాయి. తిండి మాత్రం ఏడాది పొడవునా అలాగే ఉంటుంది. లోధీ కాలనీలో బొమ్మలు వీధి గోడల మీదే, ఎండకీ వానకీ ఉంటాయి. టికెట్టూ లేదు, వేళాపాళా లేదు. కానీ ఆకలేస్తే కాలనీ దాటి బయటికి రావాల్సిందే.

అందుకని ‘ఏది గొప్పది’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. ఎన్ని రోజులున్నాయి, ఏ నెలలో వెళ్తున్నారు, వెంట ఎవరున్నారు, ఈ మూడూ ముందు తేల్చుకుంటే ఊరు దానంతటదే తేలిపోతుంది.

ఒక్కరోజే ఉంటే కాలా ఘోడా

దక్షిణ ముంబైలో రీగల్ సినిమా దగ్గర బయల్దేరి ఫ్లోరా ఫౌంటెన్ వైపు నడిస్తే పావుగంటలో దాటిపోయేంత చిన్న పేట ఇది. ఆ కాస్త జాగాలోనే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, పాతవాళ్లు ఇప్పటికీ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం అనే ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం, 1870 నాటి డేవిడ్ ససూన్ లైబ్రరీ, 1884లో కట్టిన నీలం రంగు యూదుల ప్రార్థనాలయం ఉన్నాయి. పేటకి పేరు తెచ్చిన నల్ల గుర్రం మాత్రం ఇప్పుడక్కడ లేదు. ఎడ్వర్డ్ రాజు గుర్రమెక్కి కూర్చున్న ఆ కంచు విగ్రహాన్ని 1965లో తీసేశారు, ఇప్పుడది బైకుల్లా జూలో ఉంది. మీకు కనబడేది 2017లో పెట్టిన కొత్త గుర్రం, దాని మీద రౌతు ఉండడు.

ఇక్కడ ఎక్కువసేపు గడపాల్సింది జహంగీర్‌లో. 1952లో మొదలైంది, ప్రవేశం ఉచితం. ఇక్కడి హాళ్లను చిత్రకారులు వారం లెక్కన తీసుకుంటారు. ఎన్నాళ్లో వేచి చూశాక దొరికిన వారం కాబట్టి ఆ ఏడు రోజులూ చాలామంది తమ బొమ్మల పక్కనే ఉంటారు. దగ్గరికెళ్లి ‘ఇది ఎలా వేశారండీ, ఈ రంగు ఎందుకు ఎంచుకున్నారు’ అని అడగండి. బొమ్మల గురించి మనకేం తెలుసని జంకక్కర్లేదు, అలా అడిగేవాళ్ల కోసమే వాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. బొమ్మ వేసిన మనిషితో ఇంత సులువుగా మాట కలిసే అవకాశం మిగతా రెండు చోట్లా లేదు. నా దృష్టిలో కాలా ఘోడాకి వెళ్లడానికి ఈ ఒక్క కారణం చాలు. బయటికొస్తే ఫుట్‌పాత్ మీద మరికొందరు చిత్రకారులు తమ పని పరుచుకుని ఉంటారు. కొనాలనుకుంటే మన జేబుకి అందేవి అక్కడ దొరుకుతాయి.

రోడ్డుకి అటువైపున్న నేషనల్ గ్యాలరీని 1911 నాటి కావస్‌జీ జహంగీర్ హాలులో 1996లో తెరిచారు. హుసేన్, రజా, సూజా లాంటి చిత్రకారులు కలిసి 1947లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టింది ఈ నగరంలోనే. ఆ పేర్లు తెలిసినవాళ్లకి ఈ వీధుల్లో నడవడమే ఒక ఆనందం. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు పాత వాట్సన్ హోటల్ భవనాన్ని బయటి నుంచైనా చూడాలి. లూమియేర్ సోదరుల కదిలే బొమ్మల్ని 1896 జులై 7న మన దేశంలో మొదటిసారి చూపించింది అందులోనే. ఇనుప చట్రంతో కట్టిన ఆ భవనం ఇప్పుడు శిథిలంగా ఉంది.

తిండి విషయంలో ముంబైది పైచేయి, ముఖ్యంగా శాకాహారులకి. 1946లో పెట్టిన చేతనలో గుజరాతీ, రాజస్థానీ థాలీ కడుపునిండా పెడతారు. సముద్రపు తిండి కావాలంటే త్రిష్ణ ఉంది. అక్కడి వెన్న-మిరియాలు-వెల్లుల్లి పీతకి పెద్ద పేరు, ధర కూడా అంతే పెద్దది. గోదావరి జిల్లాల పీతల పులుసు ఎరిగినవాళ్లకి ఆ ధర బాధనిపించవచ్చు. నేనైతే ఆ డబ్బు దాచుకుని ఓ ఇరవై నిమిషాలు నడిచి బాలార్డ్ ఎస్టేట్‌లో 1923 నుంచి ఉన్న బ్రిటానియాకి వెళ్లమంటాను. మధ్యాహ్నం వేళకి చేరుకుని బెర్రీ పులావ్ చెప్పండి. అన్నంలో ఇరాన్ నుంచి వచ్చే పుల్లటి ఎండు పళ్లు తగులుతాయి, పార్సీల చేతివంట. సాయంత్రం మెరైన్ లైన్స్ వైపు వెళ్తే 1904 నాటి కయానీలో బన్ మస్కా, ఛాయ్. హైదరాబాద్ ఇరానీ చాయ్‌తో పెరిగినవాళ్లకి ఇది పలచగా అనిపిస్తుంది, ఆ తేడా తెలుసుకోవడానికైనా తాగాలి. పాత గైడు పుస్తకాలు చదివి వెళ్లేవాళ్లకి ఒక మాట: జహంగీర్ లోపలి సమోవార్ కెఫే 2015లోనే మూతపడింది, వెతకొద్దు.

కాలా ఘోడా ఆర్ట్స్ ఫెస్టివల్ 1999 నుంచి జరుగుతోంది. మామూలుగా ఫిబ్రవరి మొదట్లో తొమ్మిది రోజులు. వీధి మధ్యలో పెద్ద పెద్ద శిల్పాలు, సంగీతం, నాటకాలు, అన్నీ ఉచితం. సందడి ఇష్టమైతే అప్పుడే వెళ్లండి, కాకపోతే పనిదినాల్లో వెళ్లండి. శని, ఆదివారాలు జనం తోపులాటలో ఫొటోలు తప్ప ఏమీ దక్కవు. బొమ్మల ముందు నిలబడి చూడాలనుకుంటే మాత్రం పండగకి ముందో తర్వాతో వెళ్లడమే మేలు.

చేరుకోవడం తేలిక. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ వైపు నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ రెండూ ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కే వస్తాయి. అక్కడి నుంచి నడక దూరం. విమానంలో దిగేవాళ్లకి మూడో లైను మెట్రో 2025 అక్టోబరులో పూర్తిగా తెరుచుకుంది. విమానాశ్రయంలో ఎక్కితే హుతాత్మా చౌక్‌లో దిగొచ్చు.

రెండు మూడు రాత్రులు గడపగలిగితే ఫోర్ట్ కొచ్చి-మట్టాంచేరి

మూడింటిలో నా మనసు ఉన్నది ఇక్కడే. అయితే ఒక షరతు. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయేటట్టయితే వద్దు. చేపలు పట్టే చీనా వలల దగ్గర ఒక ఫొటో, యూదుల వీధిలో ఒక మసాలా పొట్లం, అంతే మిగులుతుంది. ఈ పేట నిదానంగా నడిచేవాళ్లకే తెలుస్తుంది.

ముందు బినాలే సంగతి, అంటే రెండేళ్లకోసారి జరిపే పెద్ద కళా ప్రదర్శన. కొచ్చి-ముజిరిస్ బినాలే 2012 డిసెంబరు 12న మొదలైంది. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు చిత్రకారులు దీనికి పునాది వేశారు. ముజిరిస్ ఇక్కడికి ఉత్తరాన ఉండిన ప్రాచీన రేవు, రోమన్లతో మిరియాల వ్యాపారం చేసిన చోటు. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదలో ఆ రేవు పూడిపోయి, కొచ్చి రేవు తెరుచుకుందని చెబుతారు. ఆ చరిత్ర ఈ ప్రదర్శనలో పేరుకి మాత్రమే పరిమితం కాదు. బొమ్మలు పెట్టేదే మిరియాలు, కొబ్బరినూనె, కొయ్యల వ్యాపారం జరిగిన పాత గోదాముల్లో. 1867లో మొదలైన ఆస్పిన్‌వాల్ కంపెనీ ఆవరణ చాలా విడతల్లో ప్రధాన వేదికగా ఉంది. పెప్పర్ హౌస్, డచ్చివాళ్లు కట్టిన డేవిడ్ హాల్ కూడా అలాంటివే. సున్నం ఊడిన గోడలు, పైన పెంకులు, కిటికీలోంచి ఓడలు, ఎదురుగా ఎక్కడో లాటిన్ అమెరికాలోనో ఆఫ్రికాలోనో పుట్టిన ఒక కళాకృతి. తెల్లటి గ్యాలరీ గదిలో పెడితే ఆ కళాకృతికి ఈ బలం రాదు.

రెండేళ్లకోసారి అంటారు గానీ ఆ లెక్కని నమ్ముకుని టికెట్లు కొనొద్దు. 2018 తర్వాత కరోనా వల్ల మళ్లీ 2022 డిసెంబరు దాకా జరగలేదు. ఆరో విడత 2025 డిసెంబరు 12న మొదలైంది, 2026 మార్చి 31 దాకా అని ప్రకటించారు. తేదీలు చూసుకున్నాకే బయల్దేరండి. బినాలే ఉన్నప్పుడు వెళ్తే కనీసం రెండు నిండు రోజులు వేదికలకే కేటాయించాలి. డిసెంబరు చివరి వారం కొచ్చిన్ కార్నివాల్, 31 అర్ధరాత్రి పాప్పాంజి అనే పెద్ద బొమ్మని తగలబెట్టడం ఉంటాయి. ఆ వారం గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతాయి. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా అన్నిటికన్నా హాయి.

బినాలే లేని ఏడాది వెళ్తే? అప్పుడూ వెళ్లొచ్చు, కానీ సమకాలీన కళ కోసం కాదు. 1997 నుంచి ఉన్న కాశీ ఆర్ట్ కెఫేలాంటి చోట్ల చిన్న ప్రదర్శనలు దొరుకుతాయి, గోడల మీద పాత విడతల ఆనవాళ్లు కనబడతాయి. అసలు చూడాల్సింది మట్టాంచేరి ప్యాలెస్. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కట్టి కొచ్చి రాజుకిచ్చారు. తర్వాత డచ్చివాళ్లు బాగుచేశారు కాబట్టి డచ్ ప్యాలెస్ అనే పేరు నిలిచింది. రాజుగారి పడకగది గోడల నిండా రామాయణమే. లేపాక్షి మండపం కప్పు మీది బొమ్మలు చూసిన కళ్లకి ఇవి కొత్తగా కనబడతాయి. అక్కడ మనుషుల మధ్య చోటుంటుంది, బట్టల అంచులు, నగిషీలు విడివిడిగా చూడొచ్చు. ఇక్కడ వేలెడు ఖాళీ కూడా వదలకుండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. పది నిమిషాల్లో చూసేసి వెళ్లిపోయేవాళ్లని చూస్తే బాధేస్తుంది. అరగంట నిలబడండి. పక్కనే 1568 నాటి పరదేశీ సినగాగ్ అనే యూదుల ప్రార్థనాలయం, చైనా నుంచి తెచ్చిన నీలం-తెలుపు పలకలు పరిచిన నేల.

ఇక తిండి. మట్టాంచేరిలో కొద్ది దూరంలోనే గుజరాతీలు, కొంకణీలు, కచ్ఛీ మేమన్లు, తమిళులు తరతరాలుగా ఉంటున్నారు. వీధి మారితే వంట మారుతుంది. కయీస్ రహమతుల్లా హోటల్ మటన్ బిర్యానీకి ఊరంతా పేరే. పొట్టి గింజ కైమా బియ్యం, మసాలా తక్కువ, నెయ్యి వాసన ఎక్కువ. హైదరాబాద్ బిర్యానీని మనసులో పెట్టుకుని తింటే రుచించదు. దాన్ని పక్కనబెట్టి తింటే మాత్రం మళ్లీ వెళ్తారు. మధ్యాహ్నం ఆలస్యం చేస్తే గిన్నె ఖాళీ అయిపోతుంది. గుజరాతీ రోడ్డులో మిఠాయిలు, శాకాహార భోజనం. చెర్లాయి వైపు వెళ్తే గోవా నుంచి తరలివచ్చిన గౌడ సారస్వతులు కట్టుకున్న తిరుమల దేవస్వం ఉంది. లోపలున్నది మన వేంకటేశ్వరుడే. కొచ్చిలో ఇది చూడకుండా వచ్చేసే తెలుగువాళ్లు చాలామంది, చెప్పేవాళ్లు లేక.

ఫోర్ట్ కొచ్చి వైపు చీనా వలల దగ్గర చేపలు కొని, పక్కనే వండించుకోవచ్చు. ముచ్చటగానే ఉంటుంది గానీ బేరం, వండినందుకు కూలీ రెండూ ముందే ఖరారు చేసుకోవాలి. అరిటాకులో కాల్చిన మీన్ పొల్లిచ్చదు, అప్పం-కూర, పళంపొరి అనే అరటిపండు బజ్జీ ఎక్కడైనా బాగుంటాయి. కొబ్బరినూనె వాసన పడనివాళ్లు, ఎర్రటి లావు మట్ట బియ్యం అన్నం మింగుడు పడనివాళ్లు ఈ పేటలో మూడు రోజులు ఇబ్బంది పడతారు. ఇది చిన్న విషయం కాదు, ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లేముందు ఆలోచించుకోండి. ఉక్కపోత కూడా లెక్కలోకి తీసుకోవాలి. మార్చి రెండో వారం దాటితే మధ్యాహ్నాలు నడవలేరు.

సికింద్రాబాద్, గుంటూరు వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం చేరుస్తుంది, దాదాపు ఒక పగలూ రాత్రీ పట్టే ప్రయాణం. విమానాశ్రయం నెడుంబాస్సేరిలో, పేటకి దూరం ఎక్కువ. ఎర్నాకుళం నుంచి టాక్సీ మాట్లాడుకోవద్దు, హైకోర్టు రేవులో వాటర్ మెట్రో ఎక్కండి. ఫోర్ట్ కొచ్చికి 2024 నుంచి, మట్టాంచేరికి 2025 అక్టోబరు నుంచి నడుస్తోంది. నీళ్ల మీదుగా ఆ పేట దగ్గరికి రావడం చూడాల్సిన దృశ్యం.

ఢిల్లీలో ఒక ఉదయం చిక్కితే లోధీ కాలనీ

లోధీ కాలనీ కోసమని ఢిల్లీ వెళ్లక్కర్లేదు. వేరే పని మీద వెళ్లినప్పుడు మాత్రం తప్పించుకోవద్దు. 1940లలో ప్రభుత్వోద్యోగుల కోసం కట్టిన క్వార్టర్స్ ఇవి. ఎత్తయిన ఒకే తీరు గోడలు, మధ్యలో కమాను ద్వారాలు, వెడల్పు ఫుట్‌పాత్‌లు, పెద్ద పెద్ద చెట్లు. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఒక దశాబ్దంగా దేశ విదేశాల చిత్రకారుల్ని పిలిపించి, ఖన్నా మార్కెట్, మెహర్‌చంద్ మార్కెట్ల మధ్యనున్న ఈ గోడలకి బొమ్మలు వేయించింది. ఇప్పుడు యాభైకి పైగా ఉన్నాయి. ఆ సంస్థ పెట్టినవాళ్లలో ఒకరు, 2024లో కన్నుమూసిన హనీఫ్ కురేషీ, సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టుల చేతిరాతల్ని సేకరించి కంప్యూటర్ ఫాంట్లుగా మార్చిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక మన ఊళ్లలో మాయమైన బోర్డు రాసే కళాకారులు గుర్తున్నవాళ్లకి ఆయన పని విలువ తెలుస్తుంది.

ఇక్కడ బొమ్మలు పెద్దవి కాబట్టి రోడ్డు అవతల నుంచి చూడాలి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఎండ ఏటవాలుగా పడుతుంది, కార్లు అడ్డుండవు, రెండు గంటల్లో తిరిగేయొచ్చు. పిల్లలున్న కుటుంబాలకి ఈ మూడింటిలో ఇదే అనువైనది. ముట్టుకోవద్దనీ గట్టిగా మాట్లాడొద్దనీ చెప్పేవాళ్లు లేరు. అయితే ఆ గోడల వెనక మనుషులు కాపురాలుంటున్నారు, కిటికీల వైపు కెమెరా తిప్పకండి. కొన్ని బొమ్మలు వెలిసిపోయాయి, కొన్నిటి మీద కొత్తవి వేశారు. ఏదో ఒక ప్రత్యేకమైన గోడ కోసం వెళ్తే దొరక్కపోవచ్చు.

తిండి దగ్గరే లోధీ వెనకబడింది. మెహర్‌చంద్ మార్కెట్ కెఫేలు చూడముచ్చటగా ఉంటాయి, కాఫీ ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది, వంటలో ఢిల్లీతనం ఏమీ ఉండదు. కాబట్టి కాలనీలో కాఫీ తాగి, భోజనానికి బయటపడండి. మాంసాహారులు నిజాముద్దీన్ బస్తీకి వెళ్లాలి. కబాబులు, నహారీ, పక్కనే గాలిబ్ సమాధి, గురువారం సాయంత్రమైతే దర్గాలో ఖవ్వాలీ. రకరకాల రాష్ట్రాల వంటలు కావాలంటే జోర్ బాగ్ మెట్రోలో ఎక్కి ఒక్క స్టేషన్ దాటితే ఐఎన్ఏ, అక్కడ దిల్లీ హాట్. ఢిల్లీ దాకా వెళ్లి ఆంధ్రా భవన్‌లో తినడమేమిటని అనేవాళ్లుంటారు. వారం రోజులుగా రొట్టెలు తింటున్న అమ్మానాన్నలు వెంట ఉంటే ఆ మాట పట్టించుకోకండి. పప్పు, పొడి, నెయ్యి, పెరుగన్నంతో వాళ్ల మొహాలు విప్పారతాయి.

నవంబరు, డిసెంబరుల్లో పొగ, ఏప్రిల్ దాటితే వడగాడ్పు. ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. మధ్యాహ్నం ఖాళీ ఉంటే జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీలో అమృతా షేర్‌గిల్ బొమ్మలు చూడండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఒక పని చేయొచ్చు. ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో, లోధీలో బొమ్మలు వేయించిన స్టార్ట్ సంస్థే 2016లో ఇళ్ల గోడలకి రంగులు వేయించింది. ఒక ఆదివారం పొద్దున అక్కడ తిరిగి చూడండి. వీధి బొమ్మలు మీకు, మీ పిల్లలకి నచ్చుతాయో లేదో ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. నచ్చితే లోధీ, నచ్చకపోతే కాలా ఘోడా.

తేల్చుకోలేకపోతున్నవాళ్లకి

బినాలే నడుస్తూ, చేతిలో మూడు రోజులుంటే ఇంకో ఆలోచన లేకుండా కొచ్చి. బినాలే లేదు, ఇద్దరే వెళ్తున్నారు, కొత్త వంటలంటే భయం లేదు, అప్పుడూ కొచ్చే. శాకాహారులు, పెద్దవాళ్లు వెంట ఉన్నవాళ్లు, బొమ్మ కొనాలనుకునేవాళ్లు, బొమ్మలు వేసే పిల్లలున్నవాళ్లు ముంబై వెళ్లండి. చిత్రకళ నేర్చుకుంటున్న కూతుర్నో కొడుకునో జహంగీర్‌లో చిత్రకారుల ముందు కూర్చోబెడితే, వాళ్లు అడిగే ప్రశ్నలు మనం ఊహించలేం. ఎలాగూ ఢిల్లీ వెళ్తూ, డబ్బు బాగా తక్కువుంటే లోధీ, ఎందుకంటే బొమ్మలకి పైసా ఖర్చు లేదు, తిండి నిజాముద్దీన్ బస్తీలో చవక.

ఏ ఊరైనా వారాలు చూసుకుని వెళ్లండి. రెండు నేషనల్ గ్యాలరీలకీ సోమవారం సెలవు. ముంబైలో ప్రైవేటు గ్యాలరీలు చాలావరకు ఆదివారం తెరవవు. మట్టాంచేరి ప్యాలెస్ శుక్రవారం, సినగాగ్ శనివారం మూసి ఉంటాయి, శుక్రవారం మధ్యాహ్నం నుంచే సినగాగ్ తలుపులు వేసేస్తారు. అంటే కొచ్చికి శుక్ర, శనివారాలు కలిసిన రెండు రోజుల ప్రయాణం పెట్టుకోవద్దు. ఆదివారం దిగి బుధవారం తిరిగి రండి. గదుల ధరలు కూడా ఆ రోజుల్లో కొంచెం దిగి ఉంటాయి.